నాయన లేని తొలి సంక్రాంతి: ఇంట్లో ఏం చేయాలి, ఏం వదిలేయాలి

మీరు రాసినదాంట్లో సంగతులు ఇవీ. కార్తీకంలో మీ నాయన పోయారు. జమ్మలమడుగు దగ్గర పల్లెలో అమ్మ ఒక్కతే ఉంది. మీరు అనంతపురంలో, తమ్ముడు ప్రొద్దుటూరులో. ఏడాది తిరిగేదాకా పండగ మాటే ఎత్తొద్దని పెదనాయన, పిల్లోళ్ల మొగం చూసైనా చేయాలని మేనత్త. అమ్మకు షుగరుంది, సరిగా తినడం లేదు, రాత్రిళ్లు నాయన దగ్గు వినబడుతోందంటోంది. తమ్ముడు రోజూ తాగుతున్నాడు. మీ ఏడేళ్ల కొడుకు ‘తాత పండక్కి వస్తాడా’ అని అడుగుతున్నాడు. ఈ మూడు దినాలు ఎట్లా గడపాలని మీరడిగారు.

పండగ చేయాలా వద్దా అన్నదానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. ఆ మూడు రోజులూ అమ్మ ఎక్కడుంటుంది, పక్కన ఎవరుంటారు, పొయ్యి మీద ఏం ఉడుకుతుంది. ఇవి తేలని ఇంట్లో భోగి పొద్దున ఒకరు టీవీ పెడతారు, ఇంకొకరు కట్టేస్తారు. ఒకరు ఏడిస్తే ఇంకొకరు ‘ఇప్పుడెందుకు’ అంటారు. ముందే మాట్లాడుకోకపోతే వచ్చే గొడవ అది. చావు జరిగిన ఇంటికి చాలాసార్లు పండగ రోజుకన్నా దానికి ముందు వారం పది రోజులే ఎక్కువ భారంగా ఉంటాయి. ఆ రోజు ఎట్లా దాటుతామో అన్న భయం అప్పుడే పేరుకుంటుంది. ఒక పద్ధతి కుదిరిందని తెలిస్తే ఆ భయం చాలావరకు దిగుతుంది.

ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది. భోగికి కనీసం పది రోజుల ముందు, అంటే జనవరి మొదటి వారంలోపల, అందరూ ఒకసారి మాట్లాడుకోండి. ఫోన్లో అయినా సరే. మొదట అమ్మను మాట్లాడనివ్వండి. ‘ఏం చేద్దామమ్మా’ అని అడిగితే ‘మీ ఇష్టం’ అంటుంది, మాట అక్కడే ఆగిపోతుంది. చిన్న చిన్నవి విడివిడిగా అడగండి: ‘ఆ మూడు రోజులు ఈ ఇంట్లోనే ఉంటావా, నాతో అనంతపురం వస్తావా? పొద్దన్నే తలుపు తీసి కూర్చుంటావా, ఎవరూ రాకపోతే బాగుంటుందా? ఓళిగలు వద్దంటావా, పక్కింటోళ్లు తెచ్చిస్తే తీసుకుంటావా?’ ఇట్లా అడిగితే జవాబు వస్తుంది. అమ్మ చెప్పినదాన్ని పెదనాయనకు మీరు చెప్పండి, తమ్ముడు మేనత్తకు చెప్పాలి. ఆమె చేతనే చెప్పించవద్దు. ఈ రెండు నెలల్లో ఆమె అందరికీ జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయి ఉంటుంది.

ఇక ఆచారం. పెదనాయన మాటను తోసేయకండి, అట్లని దాన్ని మూకుమ్మడిగా ఒప్పుకోవాల్సిన పనీ లేదు. ఏటిసూతకం పేరుతో పెద్దలు మామూలుగా వద్దనేవి కొన్ని ఉంటాయి: శుభకార్యాలు, గుడికి పోవడం, రంగుల ముగ్గులు, మామిడాకుల తోరణం, కొత్త బట్టలు, బాణలి పెట్టి పిండివంటలు కాల్చడం. ఇవి కులాన్ని బట్టి, ఊరిని బట్టి, ఒక్కో ఇంటిని బట్టి మారతాయి. కానీ అందరూ కలిసి కూర్చుని అన్నం తినడం, పోయినవాళ్ల మాట చెప్పుకోవడం, ఫోటో దగ్గర దీపం పెట్టడం, ఒకరికి కడుపు నిండా పెట్టడం ఏ ఇంట్లోనూ తప్పు కాదు. పెదనాయనతో ఇదే చెప్పండి: ‘పండగ చేయం, ఆయన్ను తలుచుకుంటాం.’ పెద్దవాళ్లు ఈ మాటకు ఒప్పుకుంటారు. వాళ్లకు కావాల్సింది కూడా అదే. తమ్ముణ్ని పోగొట్టుకున్న అన్న ఆయన. ఆయన కట్టుదిట్టంలో ఆయన దుఃఖం కూడా ఉంది.

మన సీమలో సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునే వాడుక ఎట్లాగూ ఉంది. ఫోటోలు తుడిచి, బొట్టు పెట్టి, కొత్త పంచె, తువాల, చీర ముందర పెట్టి, ఇష్టమైనవి విస్తట్లో వడ్డించి, సాంబ్రాణి వేస్తారు. చనిపోయినవాళ్లకు పండగలో చోటు పెట్టిన పద్ధతి ఇది. మీలాంటి ఇంటికి ఇంతకన్నా నప్పేది లేదు. ఒక్క విషయం ముందే కనుక్కోండి. కొన్ని ఇళ్లలో సంవత్సరీకం అయ్యేదాకా కొత్తగా పోయినవాళ్లను పెద్దల్లో కలపరు, విడిగా పెడతారు, లేదా ఆ ఏడాది అసలు పెట్టరు. తర్పణం సంగతీ అంతే. మీ పురోహితుణ్నో, ఇంటి పెద్దనో ఈ ఒక్క ప్రశ్న భోగికి ముందే అడిగేయండి. ఆ రోజు పొద్దున విస్తరి వేసినాక ‘అయ్యో, పెట్టకూడదంట’ అని ఎవరైనా అంటే అమ్మకు అది మళ్లీ ఒక దెబ్బ. పెట్టకూడదని తేలితే ఆ పంచె, తువాల ఊళ్లో ఒక ముసలాయనకు ఇచ్చి అన్నం పెట్టి పంపండి. నాయన వయసు మనిషి అయితే అమ్మకు కొంచెం తృప్తిగా ఉంటుంది.

వంట గురించి కచ్చితంగా ఒక సలహా. డిసెంబరు, జనవరి నెలల్లో అనపకాయలు, అంటే చిక్కుడు జాతి గింజల కాయలు, దండిగా వస్తాయి. బాణలి పెట్టని ఇంట్లో కూడా పితికిపప్పు చేసుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఐదారుగురికి అరకిలో వలిచిన గింజలు చాలు. ముందు రోజు సాయంత్రం నీళ్లలో వేస్తే పొద్దునకల్లా తోలు వదులవుతుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య గింజను పెట్టి చివర నొక్కితే పప్పు చటుక్కున జారి పళ్లెంలో పడుతుంది, తోలు వేళ్ల మధ్య మిగులుతుంది. అరకిలో పితకడానికి ఇద్దరు ముగ్గురు కూర్చుంటే గంట సేపు పడుతుంది. ఆ గంటే మీకు కావాల్సింది. చేతులకు పని ఉంటుంది, చూపు పళ్లెం మీద ఉంటుంది, ఒకరి మొగం ఒకరు చూసుకోనక్కర్లేదు. మాట రాకపోయినా ఇబ్బందిగా అనిపించదు. వస్తే మాత్రం మెల్లగా వస్తుంది, ఎక్కువగా నాయన గురించే వస్తుంది. ఎదురుగా కూర్చుని ‘చెప్పమ్మా, ఎట్లుంది’ అని అడిగితే రాని మాటలు ఇట్లా పక్కపక్కన కూర్చున్నప్పుడు వస్తాయి. పిల్లోణ్ని కూడా కూర్చోబెట్టండి. గింజ ఎగిరి పడితే వాడు నవ్వుతాడు, నవ్వనీయండి. అమ్మ కూడా నవ్విందనుకోండి, ‘ఇంకా రెండు నెలలు కాలేదు’ అన్నట్టు ఎవరూ చూడకూడదు.

ఈ నవ్వు సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి. దుఃఖం ఐదు మెట్లలో సాగుతుందని చాలామంది విని ఉంటారు. ఆ ఐదు మెట్లు 1969లో ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు చెప్పినవి, అదీ చావుకు దగ్గరైన రోగులను చూసి. వెనక మిగిలినవాళ్లు ఆ మెట్లు వరసగా ఎక్కాలని ఎక్కడా లేదు. 1999లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే పరిశోధకులు చెప్పింది మన ఇళ్లలో జరిగేదానికి ఎక్కువ దగ్గర: మనిషి కాసేపు దుఃఖంలోకి పోతాడు, కాసేపు బతుకు పనుల్లోకి వస్తాడు, మళ్లీ పోతాడు. ఈ రాకపోకలే ఆరోగ్యం. పొద్దున ఫోటో ముందర వెక్కి వెక్కి ఏడ్చిన మనిషి మధ్యాహ్నం కందుల రేటు అడిగితే ఆమె మీ నాయనను మరిచిపోయినట్టు కాదు. రోజంతా ఏడిపించాలని చూసే ఇల్లూ, అసలు ఏడవనీయని ఇల్లూ రెండూ తప్పే చేస్తున్నాయి.

ఇప్పుడు అన్నిటికన్నా తొందరగా చూడాల్సింది అమ్మ తిండి, మాత్రలు. షుగరున్న మనిషి సరిగా తినకుండా మాత్ర మాత్రం వేసుకుంటే ప్రమాదం. అమ్మ వాడే మాత్రల పేర్లు చూడండి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఉన్నా, ఇన్సులిన్ ఉన్నా, ఒక పూట తిండి తప్పితే షుగరు బాగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఈ భయం చాలా తక్కువ. చెమటలు, చేతులు వణకడం, గుండెదడ, కళ్లు మసకబారడం, మాట తడబడడం దాని గుర్తులు. దిగులు మనిషిలో వీటిని చూసి ‘మనాదితో అట్లుంది’ అని వదిలేస్తారు, అక్కడే మోసం జరుగుతుంది. గ్లూకోమీటరు ఉంటే చూడండి. 70 కన్నా తక్కువుంటే వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. కుదురుకున్నాక కొంచెం అన్నమో సంగటో పెట్టాలి. మీటరు లేకపోయినా గుర్తులు కనబడితే చక్కెర ఇవ్వడానికి ఆలోచించొద్దు. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. సోమవారమనో శనివారమనో, నాయన పేరు మీదనో ఒక్కపొద్దులు ఉంటోందేమో కూడా అడగండి. ఉంటానంటే డాక్టరుకు చెప్పి మాత్రల వేళ మార్పించాలి. మీ అంతట మీరు మాత్ర ఆపేయవద్దు.

తినమని బతిమాలితే తినని మనిషి తోడుంటే తింటుంది. పెద్ద పళ్లెం నిండా వడ్డిస్తే చూసే కడుపు నిండుతుంది. అరముద్ద సంగటి, కొంచెం పప్పు, మూడు నాలుగు గంటలకొకసారి. మజ్జిగ, ఒక గుడ్డు, గుప్పెడు వేయించిన చెనిక్కాయలు. వారానికోసారి బరువు చూడండి. రెండు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గి ఉంటే దాన్ని దిగులు ఖాతాలో వేయకుండా డాక్టరుకు చూపించాలి.

నాయన దగ్గు వినబడడం గురించి మీరు భయపడ్డారు. ఎవరో తాయెత్తు కట్టించమన్నారని కూడా రాశారు. 1971లో వేల్స్‌లో డాక్టర్ డెవీ రీస్ భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు తోచిందనో, కనబడ్డారనో, మాట వినబడిందనో చెప్పారు. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు కూడా. నలభై ఏళ్లు ఒక గదిలో విన్న దగ్గు అది. చెవి దాన్ని అంత తొందరగా వదలదు. అమ్మను ‘అట్లేం లేదులే’ అనొద్దు, ‘దయ్యం’ అనొద్దు. ‘ఎప్పుడు వినబడింది? వింటే భయమేసిందా, బాగనిపించిందా?’ అని అడగండి. ఎక్కువమందికి బాగనే అనిపిస్తుంది. ఆ గొంతు ఏదైనా చేయమని ఆజ్ఞాపిస్తోందన్నా, ‘నా దగ్గరికి వచ్చేయ్’ అంటోందన్నా మాత్రం అదే రోజు మానసిక వైద్యుడికి చూపించాలి.

నిద్ర పట్టడం లేదని మందుల అంగట్లో చీటీ లేకుండా ఆల్‌ప్రజోలామ్ తెచ్చిచ్చే బంధువులుంటారు. తీసుకోవద్దు. పెద్ద వయసులో రాత్రి లేచి పడిపోవడం, అలవాటు పడడం రెండూ దాంతో వస్తాయి. పొద్దున ఎండలో అరగంట నడక, మధ్యాహ్నం పడుకుంటే అరగంటకు మించకుండా లేపడం, సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ లేకపోవడం, రాత్రి ఆ గదిలో ఇంకో మనిషి పడుకోవడం: వీటితో చాలావరకు సర్దుకుంటుంది.

అమ్మ బొట్టు, గాజుల మాట. మొదటి పండగకు ఎదురు రాకూడదని విధవరాలిని లోపలి గదిలో కూర్చోబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దయచేసి మీ ఇంట్లో అది జరగనీయకండి. మనిషి పోయినందుకు పడే బాధ ఒకటి, తన ఇంట్లో తనే అశుభమైపోయినందుకు పడే బాధ ఇంకొకటి. రెండోది మనుషులు పెట్టేది, ఆపడం మన చేతుల్లో ఉంది. బొట్టు పెట్టుకోవాలా, పూలు పెట్టుకోవాలా అన్నది అమ్మ ఇష్టం. పెట్టుకోమని బలవంతం చేయడం కూడా తీసేయమని బలవంతం చేయడంలాంటిదే. ఎవరైనా పేరంటం పళ్లెం తెచ్చి గుమ్మంలో తటపటాయిస్తే మీరే ఎదురుపోయి, ‘అమ్మ లోపలుంది, రాండి’ అని పిలవండి.

వాకిలి దగ్గర రెండు చిన్న విషయాలు, ఎవరూ ముందు ఆలోచించరు కాబట్టి చెబుతున్నాను. వీధిలో అందరి వాకిళ్లలో రంగుల ముగ్గులుండి మీ వాకిలి ఒట్టిగా కనబడితే అమ్మ తలుపు తీయగానే గుండె కలుక్కుమంటుంది. ఊడ్చి పేడనీళ్లు చల్లి శుభ్రంగా ఉంచండి. మీ ఇంటి ఆనవాయితీ ఒప్పుకుంటే పిండితో రెండు గీతలు వేయండి. రెండోది గంగిరెద్దులవాళ్లు. వాళ్లు ఇంటి పెద్ద పేరు పిలిచి దీవిస్తారు, పోయిన ఏడాది మీ నాయన పేరే పిలిచి ఉంటారు. ఆ పొద్దున మీ తమ్ముడు సందు మొదట్లోనే నిలబడి సంగతి చెప్పి, సేరు బియ్యం వాళ్ల జోలెలో పోసి రావాలి. హరిదాసుకూ అంతే.

నాయన ఫోన్ ఎక్కడుంది? పండగ పొద్దున ఆయన నంబరుకు శుభాకాంక్షలు వస్తాయి, కొందరు తెలియక ఫోన్ కూడా చేస్తారు. ఫోన్ అమ్మ తలగడ పక్కన ఉంటే ఆ మూడు రోజులు మీ దగ్గర పెట్టుకోండి. సిమ్ మాత్రం తొందరపడి ఆపేయవద్దు. బ్యాంకు ఓటీపీలు, ఆధార్ దానికే వస్తుంటాయి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరును ఆపేయవచ్చు, కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. నాయన కార్తీకంలో పోయారు కాబట్టి ఆ గడువు సంక్రాంతి దాటిన కొన్ని వారాలకే పడుతుంది. చిన్న రీచార్జి చేయించి ఆ సిమ్ నుంచి ఒక కాల్ చేసి పెట్టండి. వాట్సాప్‌లో ఆయన గొంతుతో ఉన్న సందేశాలు ఉంటే ఇప్పుడే వేరే ఫోన్‌లోకీ, ఒక పెన్‌డ్రైవ్‌లోకీ తీసిపెట్టండి. ఇప్పుడు వినలేకపోయినా రెండేళ్లకు అందరూ వాటికోసం వెతుకుతారు.

తమ్ముడి సంగతి మీరు రెండు వాక్యాల్లో రాశారు, నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది అదే. మగపిల్లోడు ఏడవకూడదు, తలకొరివి పెట్టినోడు గట్టిగా ఉండాలి అన్న మాటల కింద అణిగి ఉన్న దుఃఖం సీసాలోకి పోతుంది. తాగితే నిద్ర పట్టినట్టుంటుంది గానీ తెల్లవారుజామున మెలకువ వస్తుంది, పొద్దున దిగులు ఇంకా ఎక్కువగా ఉంటుంది. పండగ మూడు రోజులు స్నేహితులంతా ఊళ్లోకి దిగుతారు, అందరూ పిలుస్తారు. ఆ మూడు రోజులకు వాడికి కచ్చితమైన పనులు అప్పజెప్పండి: పురోహితుడితో మాట్లాడడం, పశువుల పని, చుట్టాలను బస్సు ఎక్కించడం, రాత్రి అమ్మ గదిలో పడుకోవడం. తిట్టొద్దు. తాగి ఉన్నప్పుడు ఈ మాట ఎత్తొద్దు, పొద్దన్నే ఎత్తండి. నెలల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్నవాడైతే పండగకని ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం. ఆపిన మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతిలేకుండా మాట్లాడడం జరగవచ్చు. అట్లాంటివాళ్లకు మాన్పించేది ఆసుపత్రిలోనే.

ఇద్దరినీ, అమ్మనూ తమ్ముణ్నీ, విడివిడిగా ఒక ప్రశ్న అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ సూటిగా, ఇవే మాటలతో. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు. అట్లా జరగదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ‘ఆయన లేకుండా ఎందుకు బతకాలి’ అనడం వేరు, ‘ఎట్లా పోవాలో ఆలోచించాను’ అనడం వేరు. రెండో మాట వింటే ఆ మనిషిని ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. వాళ్లు ఏం చెప్పినా చెప్పకపోయినా ఈ పని మాత్రం ఈ వారమే చేయండి: సేద్యం చేసే ఇల్లు కాబట్టి పైరుకు కొట్టే మందు డబ్బాలు పంచలోనో, గాదె పక్కనో ఉంటాయి. అన్నిటినీ ఇంట్లోంచి తీసేయించి దూరంగా, తాళం ఉన్న చోట, తాళంచెవి మీ పెదనాయన దగ్గర ఉండేట్టు పెట్టించండి. మనిషి ఆ చెడ్డ గడియ దాటితే చాలాసార్లు బతుకుతాడు. చేతికందే దూరంలో అది లేకపోవడమే ఆ గడియను దాటిస్తుంది.

మీ కొడుకుకు నిజం చెప్పండి. ‘ఊరికి పోయాడు’ అంటే తిరిగొస్తాడని కాచుకుంటాడు. ‘నిద్రపోయాడు’ అంటే రాత్రి పడుకోవడానికి భయపడతాడు. ‘దేవుడు తీసుకుపోయాడు’ అంటే నిన్నూ తీసుకుపోతాడా అని అడుగుతాడు. ఏడేళ్ల పిల్లోడికి ఇట్లా చెప్పొచ్చు: ‘తాత చచ్చిపోయాడు. ఆయన ఒళ్లు పని చేయడం ఆగిపోయింది, ఇప్పుడు నొప్పి లేదు, ఆకలి లేదు. పండక్కి రాడు. మనం ఆయన మాట ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పుకుందాం.’ పిల్లోళ్లు అడగని ప్రశ్నలు మూడు ఉంటాయి: నా వల్ల పోయాడా, నువ్వు కూడా పోతావా, నన్ను ఎవరు చూసుకుంటారు. వాడు అడగకపోయినా జవాబు చెప్పండి. పది నిమిషాలు ఏడ్చి వీధిలోకి ఆటకు పరుగెడితే వాడికి ప్రేమ లేదనుకోవద్దు, ఆ వయసు అంతే మోయగలదు. ఫోటో దగ్గర వాడి చేత్తో ఏదైనా పెట్టనీయండి, తాతకు ఇష్టమైన బెల్లం ముక్క అయినా సరే. కొత్త చొక్కా కావాలంటే కొనండి. ఏటిసూతకం పిల్లోడి ఒంటి మీద అమలు చేయనక్కర్లేదని పెదనాయనతో మీరే నచ్చచెప్పండి.

పలకరించడానికి వచ్చేవాళ్లకు మీరు చెప్పాల్సింది ఒకటే: కూర్చోండి, నాయన గురించి మీకు తెలిసిన ఒక సంగతి చెప్పండి. ‘రాసిపెట్టి ఉంది’, ‘మంచి చావు’, ‘నువ్వు గట్టిగా ఉండాలి’ అన్న మాటలతో అమ్మ నోరు మూతపడుతుంది. అరగంటకు మించి కూర్చునేవాళ్లను లేపే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి.

ఇదే కాలంలో క్రిస్మస్ వచ్చే ఇళ్లకూ ఇందులో చాలా మాటలు పనికొస్తాయి. అక్కడ కష్టం డిసెంబరంతా పరుచుకుని ఉంటుంది. రాత్రుళ్లు క్యారల్స్ బృందం తలుపు తడుతుంది. ఈ ఏడాది పాట వద్దనో, పోయినవాళ్లకు ఇష్టమైన ఒక్క పాటే పాడమనో సంఘ పెద్దకు ముందే చెప్పొచ్చు. నక్షత్రం కట్టాలా వద్దా అన్నది ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లను అడిగి తేల్చుకోండి. 24 రాత్రి ఆరాధనలో గుడి తలుపు దగ్గర చివరి వరసలో కూర్చుంటే ఏడుపు ఆగనప్పుడు బయటికి రావడం తేలిక. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన చాలామందికి క్రిస్మస్‌కన్నా కష్టం, ఆ మనిషి బతికిన ఏడాది అయిపోతోందన్న బాధ అది. ఆ రాత్రి ఒంటరిగా పంపొద్దు. భర్త పోయిన ముస్లిం ఆడవాళ్లు పాటించే ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు. ఆ రోజుల్లో ఆమె బయటికి రాదు కాబట్టి మనమే పోయి పలకరించాలి.

కనుమ మర్నాడు బస్సులన్నీ నిండుగా పోతాయి. ఇల్లు ఖాళీ అవుతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే. మీరందరూ ఒకే రోజు బయల్దేరవద్దు. ఒకరు రెండు రోజులు, ఇంకొకరు ఇంకో మూడు రోజులు ఉండి, వీలైతే అమ్మను ఒక వారం మీతో తెచ్చుకోండి. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి, సాయంత్రం దీపాల వేళైతే మంచిది. ఎక్కువమందికి ఆ గంటే గడవదు. ‘తిన్నావా’ అని అడిగితే ‘ఆఁ’ అంటుంది. ‘ఏం తిన్నావు’ అని అడగండి. పక్కింటామెకు మీ నంబరిచ్చి, రెండు రోజులు తలుపు తీయకపోయినా, పొయ్యి వెలిగించకపోయినా ఫోన్ చేయమని చెప్పండి. మాసికం తేదీలు, నాయన పుట్టినరోజు, వాళ్ల పెళ్లిరోజు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి, ఆ రోజుల్లో దుఃఖం మళ్లీ తిరగబెడుతుంది. ముందే తెలిస్తే ‘ఇంకా ఇట్లానే ఉందేంది’ అని బెదిరిపోరు.

రెండు నెలలకు ఇంత దుఃఖం ఉండడం జబ్బు కాదు. ఆరు నెలలు దాటినా రోజంతా ఆ మనిషి ధ్యాసే ఉండి, స్నానం, వంట, పలకరింపు ఏదీ సాగకపోతే డాక్టర్లు దాన్ని దీర్ఘకాల దుఃఖ రుగ్మతగా చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గడువు ఆరు నెలలు, అమెరికా వైద్యుల పుస్తకంలో పెద్దవాళ్లకు పన్నెండు నెలలు. దానికి ప్రత్యేకంగా మాటలతో చేసే చికిత్స ఉంది, పనిచేస్తుంది. తిండి పూర్తిగా మానడం, మంచం దిగకపోవడం, ‘నేను దేనికీ పనికిరాను’ అని తనను తాను తిట్టుకోవడం, చావు ఆలోచనలు ఉంటే మాత్రం నెలలు లెక్కపెట్టొద్దు. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. అమ్మ మాట్లాడనంటే మీరే చేసి ఏం చేయాలో అడగొచ్చు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఉంది. పొద్దన్నే పోయి ఓపీ చీటీ తీసుకోండి. పండగ సెలవుల్లో ఓపీ ఉండకపోవచ్చు కాబట్టి భోగికి ముందో, కనుమ దాటాకో పెట్టుకోండి. అత్యవసరమైతే ఏ రోజైనా క్యాజువాలిటీకి పోవచ్చు. అమ్మ వాడుతున్న మాత్రల అట్టలన్నీ, షుగరు రిపోర్టు, ఆధార్ కార్డు పట్టుకుపోండి. ఆమెతో రోజూ ఉండే మనిషి కూడా వెంట ఉండాలి, రాత్రుళ్లు ఎట్లుంటుందో చెప్పగలిగేది వాళ్లే. దిగులు తగ్గే మాత్రలు రాస్తే అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో గుణం కనబడలేదని మానేయొద్దు, బాగైపోయిందని చెప్పకుండా ఆపొద్దు. ఎన్నాళ్లు వాడాలో, ఎట్లా తగ్గిస్తూ ఆపాలో చీటీ మీదే రాయించుకుని రండి.